పటేలు ఇంటి ముందు బస్సు

ఇంద్రసేన పటేలుకు రెండు కాళ్లున్నాయి. దేవుడు వాటిని మడత పెట్టుకుని కూర్చోవడానికే ఇచ్చాడని ఆయన గట్టి నమ్మకం. నడవడమంటే ఆయన దృష్టిలో పనున్నవాళ్ల ఖర్మ. సైకిలు టపాలు పంచేవాడిది. స్కూటరు బడిపంతుళ్లది. ఇక రైలు సంగతి ఆయన ముందు ఎత్తకూడదు. జహీరాబాద్ స్టేషనుకు రైలు తన టైముకు వస్తుంది, తన టైముకు పోతుంది, ఎవరు ఎక్కారో ఎవరు ఉరుకుతున్నారో తిరిగి చూడదు.

"మనం పోయి దాని కోసం నిలవడాలె. అదొచ్చి మనల్ని సూడదు. గదేం సవారి?" అనేవాడు.

మనిషన్నవాడు సవారీ దగ్గరికి పోకూడదు, సవారీయే మనిషి దగ్గరికి రావాలి. ఇది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి సరిపోయే సవారీ ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది. రోజూ పొద్దున్నే ఆయన గేటు ముందుకు వచ్చి ఆగే ఎర్ర బస్సు.

కోహీర్ నుంచి జహీరాబాద్ పోయే తొవ్వలో మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే ఎర్రగుంటపల్లి. దానికి ఇంద్రసేన పోలీసు పటేలు. తాత పటేలు, తండ్రి పటేలు, అందుకని ఈయన పటేలు. పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరీ కాదు, పుట్టి తెచ్చుకున్నది. ఊళ్లో ఎవరు పుట్టారో ఎవరు చచ్చారో రాయడం, కొట్లాటయితే ఠాణాకు ఖబరు పంపడం ఆయన డ్యూటీ. రాసేది పట్వారి దగ్గర చదువుకున్న ఒక పిలగాడు. ఖబరు మోసేది ఊరి మస్కూరి, అంటే ఊరి నౌకరు, సంగప్ప. మిగిలిన డ్యూటీ అంతా పటేలే చేసేవాడు, అంటే పటేలుగా ఉండేవాడు.

డెబ్బై అయిదో, ఆరో, ఆ ప్రాంతంలో ఊరికి బస్సు వచ్చింది. రావడం వచ్చింది గానీ తిరిగి పోవడానికి ఊళ్లో తావు లేదు. ఇరుకు సందులు, వాకిళ్ల నిండా బండ్లు, పేడకుప్పలు. అప్పుడు పటేలు తన ఇంటి ముందరి కల్లం జాగా బస్సు మలుపుకోవడానికి దానం చేశాడు. చేశానని ఆయన చెప్పుకున్నాడు. ఆ జాగాలో ముప్పావు వంతు సర్కారుదేనని పట్వారికి తెలుసు, పట్వారికి తెలుసని పటేలుకు తెలుసు. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు దాచుకునే రకం కాబట్టి దానం దానంగానే నిలిచింది. బస్సు రోజూ ఊరంతా దాటి వచ్చి పటేలు గేటు ముందు ఆగేది. ఎక్కాలన్నా దిగాలన్నా ఊరు ఊరంతా ఆయన వాకిట్లోకి రావలసిందే.

అక్కడొక పద్ధతి ఏర్పడింది. డ్రైవరు మొదటి హారను కొట్టగానే పటేలు రొట్టె దగ్గర కూర్చునేవాడు. రెండో హారనుకు చేయి కడిగేవాడు. మూడో హారనుకు భార్య భాగీరథి పాన్ చుట్టి ఇచ్చేది, దాన్ని దవడకు పెట్టుకుని, చెప్పులు చూసుకుని, గేటు దాకా వచ్చి, వెనక్కి తిరిగి పనివాళ్లను ఒకసారి తిట్టి, అప్పుడు ఎక్కేవాడు. ఈలోగా సంగప్ప డ్రైవరు వెనక కిటికీ సీట్లో పటేలు భుజం మీది శెల్లను, అంటే కండువాను, పరిచి ఉంచేవాడు. ఎర్రంచు తెల్ల శెల్ల. అది పరిచి ఉంటే అక్కడ పటేలు కూర్చున్నట్టే లెక్క. కొందరు దానికి దండం కూడా పెట్టేవారని అంటారు, అది నేను నమ్మను. కానీ ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు.

పటేలు పోని రోజు కూడా శెల్ల పోయేది. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. జ్వరమొచ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా, సంగప్ప శెల్ల తెచ్చి సీట్లో వేసి దిగిపోయేవాడు. శెల్ల ఒక్కతే కిటికీ పక్కన కూర్చుని జహీరాబాద్ పోయి, మళ్లీ మధ్యాహ్నం బస్సులో ఊరికి వచ్చేది. జనం నిలబడి, రాడ్డు పట్టుకుని వేలాడుతూ, దాన్ని చూస్తూ పోయేవారు.

"ఎందుకు పటేలా, నువ్వు పోనినాడు గూడ?" అని కండక్టరు బస్వరాజ్ ఒకసారి అడిగాడు. బీదర్ వైపు మనిషి, కొత్తగా ఈ రూటుకు వచ్చాడు.

"అలవాటు దప్పొద్దు," అన్నాడు పటేలు.

"నీకా?"

"నాకెందుకు దప్పుతది? జనాలకు."

జహీరాబాద్‌లో ఆయనకు ఉన్న పనేమిటని అడిగితే చెప్పడం కష్టం. బస్సు దిగి హోటల్లో వన్ బై టూ చాయ్ తాగేవాడు, రెండో సగం ఎవడు దొరికితే వాడిది. తహసీలు ఆఫీసు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. లోపలికి పోయే ప్రతివాడినీ ఏం పని మీద వచ్చావని అడిగేవాడు. వాడు చెప్పింది విని, "అయితది, ఫికర్ చెయ్యకు," అనేవాడు. పనయితే తన వల్ల అయినట్టు, కాకపోతే తనను ముందు అడగనట్టు. మధ్యాహ్నం బస్సుకు ఇంటికొచ్చి, అలసిపోయానని పండుకునేవాడు. ఆయన లెక్కలో పని అంటే ఇదే. "చేతుల్తోని చేసేది కూలి. నోటితోని చేసేది కొలువు. సూపుతోని చేసేది పటేలుగిరి," అని ఆయనే వివరించాడు.

కూలి చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు బస్సులో కూర్చుని మూడో హారను కోసం చూసేవారు. వాళ్లలో బాలమణి ఒకతె. ఊరి మొదట్లో, చర్చి దగ్గరి వాడలో ఉంటుంది. కోహీర్ తోటల్లో జామ గుత్తకు పట్టి, గంపలకెత్తి జహీరాబాద్ బస్టాండు ముందు అమ్ముకునేది. మొగుడు పోయినవాడు, నోరు ఉన్నది. పొద్దున బేరం హైదరాబాద్ బస్సులు, బొంబాయి లారీలు ఆగినంతసేపే. తరువాత ఎండెక్కుతుంది, జామ వాడుతుంది, అడిగేవాడు ఉండడు. ఆలుగడ్డ తవ్వే సీజనులో కూలి ఆడవాళ్లదీ అదే తంటా. ఆలస్యంగా పోతే జీతగాడు "గుంపు నిండింది, రేపు రాన్రి" అనేవాడు. పటేలు రొట్టె నమిలే వేగం మీద వాడలో సగం పొయ్యిలు ఆధారపడి ఉండేవి.

"ఇయ్యాల పటేలమ్మ ఏం కూర వండిందో, రొట్టె నాన్తలేదు," అనేది బాలమణి కిటికీలోంచి చూస్తూ. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అంతే. నవ్వడం తప్ప ఏం చేస్తారు.

రాజకీయాల్లో కూడా పటేలుది అదే పద్ధతి. ఓటు వేయడం చిన్నతనం, వేయించడం పెద్దరికం. ఏ పార్టీ అని అడిగితే నవ్వేవాడు. ఎవరి జీపు ముందు గేటు ముందుకు వస్తే, ఎవరు ముందు సీటు ఖాళీ చేసి కూర్చోబెట్టుకుంటే, ఆ పార్టీ. ఒక ఎలక్షన్లో పొద్దున ఒక జీపులో, సాయంత్రం ఇంకో జీపులో ఇదే ఊరి సందుల్లో తిరిగి, రెండింట్లోంచీ జనానికి చేయి ఊపాడు. జనం రెండు సార్లూ చేయి ఊపారు. ఊరి ఓట్లన్నీ తన జేబులో ఉన్నాయని రెండు జీపుల వాళ్లకూ చెప్పాడు. ఇద్దరూ నమ్మారు, ఎందుకంటే ఇద్దరూ ఆయనలాంటివాళ్లే.

ఎనభై మూడులో సైకిలు గుర్తు వచ్చినప్పుడు మాత్రం ఆయనకు నవ్వాగలేదు. హోటల్లో బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు.

"ఆవును జూసినం, దూడను జూసినం, చెయ్యిని జూసినం. సైకిల్ ఏంది? టపాలు పంచుతరా?"

మన దిక్కు ఓట్లు ఎటు పడ్డాయన్నది అటుంచితే, హైదరాబాదులో మాత్రం సైకిలే గద్దె మీద కూర్చుంది. కూర్చుని ఏడాది తిరిగిందో లేదో పటేల్ పట్వారీల కొలువులు ఎత్తేసింది. ఒక పొద్దు రేడియోలో ఆ వార్త చదివారు. పటేలు ఇంటి అరుగు మీద వార్తలు వినే పదిమందిలో ఒక్కడూ కదల్లేదు. అందరూ పటేలు మొహం వైపు చూడకుండా రేడియో వైపే చూశారు.

పటేలు రేడియో చెవి పిండి ఆపేశాడు.

"ఇగ పటేండ్లు లేరంట," అన్నాడు సంగప్పతో.

"ఔనంట," అన్నాడు సంగప్ప.

"ఎవడన్నడు?"

"రేడియో అన్నది."

"రేడియోకేం దెల్సు. అది ఈ ఊరిదా?"

దస్త్రాలు తహసీలుకు పోయాయి. ముద్రలు కొట్టే ఠప్పాలు పోయాయి. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడితే కొత్తగా వచ్చిన క్లర్కు "ఎవరు గావాలె పెద్దాయనా?" అని అడిగాడు. ఆ 'పెద్దాయనా' అన్న మాట పటేలుకు వారం రోజులు అన్నం సయించకుండా చేసింది. అయినా ఆయన కుంగిపోలేదు. ఎందుకంటే మరునాడు పొద్దున బస్సు గేటు ముందుకే వచ్చింది. మూడు హారన్లూ కొట్టింది. సంగప్ప శెల్ల పరిచాడు. సీటు ఖాళీగా ఉంది. సర్కారు కాగితం బస్సు దాకా రాలేదన్నమాట. పటేలుకు లోకం మళ్లీ గుండ్రంగా కనిపించింది. ఈ గేటు ముందు బస్సు ఆగినంతకాలం తాను పటేలే. కొలువుదేముంది, ఇచ్చినవాడు తీసుకున్నాడు. బస్సును ఎవడు తీసుకుంటాడు? ఇక ఆయన బతుకులో మిగిలింది ఆ బస్సొక్కటే. దాన్ని ఆయన మిగతా అన్నింటికంటే గట్టిగా పట్టుకున్నాడు. పాన్ చుట్టడం మరింత నిదానమైంది. కొన్ని రోజులు నాలుగో హారను కూడా పడేది.

మండలాలు వచ్చిన ఏడాది, జామ బాగా కాసిన రోజుల్లో, అది జరిగింది. బస్సు కిక్కిరిసి ఉంది. పటేలు పాన్ దవడకు పెట్టుకుని మెట్టెక్కి చూశాడు. తన సీట్లో బాలమణి కూర్చుని ఉంది. శెల్ల నాలుగు మడతలై ఆమె ఒళ్లో ఉంది.

పటేలు పాన్‌ను రెండో దవడకు మార్చుకున్నాడు. ఇలాంటప్పుడు ఏమనాలో ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"ఏమే," అన్నాడు చివరికి. "అదెవ్వని సీటు?"

"బస్సుది పటేలా. ఇగో నీ శెల్ల. నలగలే, జూస్కో."

"లే."

"లేస్త. జహీరాబాద్ల లేస్త. గంపలు పైకెక్కిచ్చి నడుము పోయింది. ఆడ యెనక జాగున్నది, జర నువ్వే సర్దుకో."

"పటేలు ముందల నిలవడ్డడు, కనవడ్తలేదా?"

"పటేండ్లు లేరని రేడియో జెప్పిందంట గద. నేనైతే ఇనలే, నీ అరుగు మీదనే జెప్పిందన్నరు."

వెనకాల ఎవరో దగ్గారు. దగ్గు కాదది. బస్వరాజ్ టికెట్ల సంచి సర్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"పటేల్ సాబ్, యెనక ఒకణ్ని లేపిన, మంచి సీటు. కిటికి పక్కకే. ఆయియే."

"నేను యెనక కూసుంటే ముందల ఎవరు కూసుంటరు?" అన్నాడు పటేలు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

"బాలమణి కూసున్నది గద," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఈసారి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. పటేలు శెల్ల లాక్కుని దిగిపోయాడు. దిగి, గేటు పట్టుకుని నిలబడ్డాడు. తాను దిగిన బస్సు కదలదని ఆయన లెక్క. డ్రైవరు అద్దంలో ఆయన్ను చూశాడు, వెనకకు తిరిగి జనాన్ని చూశాడు, గేరు వేశాడు. బస్సు పోయింది. దుమ్ము మాత్రం కాసేపు గేటు దగ్గరే ఉంది.

ఆ రోజంతా పటేలు ఆలోచించాడు. ఆలోచించడం అలవాటు లేనివాడు ఆలోచిస్తే ఏమవుతుందో అదే అయింది. సాయంత్రానికి ఎద్దుల బండిని తోలించి, బస్సు తిరిగే జాగాలో అడ్డంగా పెట్టించాడు. చక్రాలకు రాళ్లు కూడా పెట్టించాడు.

"గట్ల పెడితే బస్సు ఎట్ల తిరుగుతది?" అని అడిగింది భాగీరథి.

"తిరగది. నా జాగ. నా ఇష్టం."

"మరి?"

"డిపోకెల్లి సార్లు వస్తరు. గేటు కాడ నిలవడి, పటేలా, జర బండి తీయిమంటరు. గప్పుడు నేను ఆలోచన జేస్త."

"రాకపోతే?"

"రాకపోవుడేంది," అన్నాడు పటేలు. ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో ఆయన మొహంలోనే రాసి ఉంది. భాగీరథి పొయ్యి దగ్గరికి పోయింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె తన ప్రశ్నలన్నీ పొయ్యితోనే పూర్తి చేసుకునేది.

మరునాడు బస్సు వచ్చింది. బండిని చూసింది. డ్రైవరు హారను కొట్టాడు. లోపల పటేలు రొట్టె దగ్గర కూర్చున్నాడు. డ్రైవరు ఇంకోసారి కొట్టలేదు. బస్వరాజ్ దిగి, వెనక నిలబడి, "ఆనే దో, ఆనే దో," అంటుంటే బస్సు వెనక్కి వెనక్కి, సందులన్నీ దాటి, అరుగుల మీది ముసలివాళ్లను లేపుతూ, కోళ్లను తోలుతూ, ఊరి మొదటి దాకా పోయింది. అక్కడ చర్చి ముందు ఖాళీ జాగా ఉంది. అటు రెండు రాళ్లకు, ఇటు ఒక తుమ్మచెట్టుకు తగలకుండా అతికష్టం మీద తిరిగింది. జనం గంపలెత్తుకుని అక్కడికి ఉరికి ఎక్కారు. ఆ పొద్దు బాలమణి గంపలు ఎండెక్కకముందే ఖాళీ అయ్యాయి.

ఇక చెప్పేదేముంది. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక వాడ మొగవాళ్లు పారలు, గడ్డపారలు పట్టుకుని వచ్చారు. రెండు రాళ్లు పెకలించారు, గుంతలు మొరంతో నింపారు, తుమ్మకొమ్మలు కొట్టేశారు. సంగప్ప కూడా ఒక తట్ట పట్టాడు. సోమవారం బస్సు వచ్చి, ఒక్క మలుపులో తిరిగింది. డ్రైవరుకు ఊరి ఇరుకు తప్పింది, డిపోకు డీజిలు తప్పింది, జనానికి పటేలు రొట్టె తప్పింది. డిపో నుంచి సారెవరూ రాలేదు. వచ్చి ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? బండి మాత్రం పటేలు వాకిట్లో అడ్డంగా అలాగే ఉంది, చక్రాలకు రాళ్లతో సహా. బస్సును తన గేటు ముందు నుంచి ఎవరో తీసుకుపోతారని ఇన్నేళ్లూ కాపలా కాసినవాడు తానే తోలి పంపాడు.

తరువాత చాలా రోజులు పటేలు జహీరాబాద్ పోలేదు. జహీరాబాద్‌లో ఇప్పుడేం లేదన్నాడు. చాయ్ పలచనైందన్నాడు. అసలు మనిషి ఊళ్లో ఉంటేనే ఇజ్జత్ అన్నాడు. ఆ మాట మీద ఇంకొన్నాళ్లు నిలిచేవాడేమో, దవడ పన్ను నిలవనివ్వలేదు.

ఏళ్ల తరబడి పాన్ పెట్టుకున్న దవడే. ఒక పొద్దు లేచేసరికి బుగ్గ ఆలుగడ్డంత అయింది. లవంగం పెట్టారు. ఉప్పునీళ్లు పుక్కిలించారు. జిల్లేడు పాలు పెడితే నాలుక కూడా వాచింది.

"దవాఖానకు పో. పొద్దుగాల బస్సుంటది," అంది భాగీరథి.

"వాడకు పోయి నిలవడాల్నా?" అన్నాడు పటేలు. వాచిన నోటితో అన్నా కోపం స్పష్టంగానే వినబడింది.

కచ్చరం కట్టించాడు. తండ్రి కాలం నాటి గూడుబండి. అందులో మెత్తగా పరుపు వేయించి, శెల్ల తలకు చుట్టుకుని ఎక్కాడు. ఎర్రగుంటపల్లి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ప్రతి రాయీ ఆ పన్నుకు వేరువేరుగా పరిచయమైంది. ఎద్దు అడుగు వేస్తే ఒక పోటు, చక్రం పడితే ఒక పోటు. సగం తొవ్వలో వెనక నుంచి హారను వినబడింది. బండి పక్కకు తీయమని. ఇన్నేళ్లు తనను పిలిచిన హారను అది, ఇప్పుడు తప్పుకోమంటోంది. బస్సు దాటుతుంటే కిటికీల్లో ఆడవాళ్లు వరుసగా కనబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

కచ్చరం జహీరాబాద్ చేరేసరికి దవాఖానలో పండ్ల డాక్టరు లేచి పోయాడు. "పొద్దుగాల్నే రావాలె పెద్దాయనా," అన్నాడు అక్కడి చప్రాసి. మళ్లీ అవే రాళ్లు, ఈసారి ఎదురు వరసలో.

మరుసటి పొద్దు పటేలు వాడ వైపు నడిచాడు. ఊరి మొదటి దాకా ఆయన తన కాళ్ల మీద నడవడం చూసి సంగప్ప తట్ట పడేసి వెంట వచ్చాడు. బస్సు అప్పుడే తిరుగుతోంది. జనం ఉరికి, కిటికీల్లోంచి దస్తీలు, తువ్వాలలు, ఒకడు ఏకంగా పలుగు, సీట్ల మీదికి విసురుతున్నారు. సీటు పట్టుకునే పద్ధతి అది. పటేలుకు ఆ పద్ధతి తెలియదు, ఆయన శెల్ల ఎప్పుడూ చేతులమీదుగా పోయి కూర్చున్నదే. అయినా తెగించి ముందు కిటికీలోంచి శెల్లను విసిరాడు. పడింది. సరిగ్గా డ్రైవరు వెనక సీట్లోనే పడింది. పటేలుకు ప్రాణం లేచి వచ్చింది. ఇక తాను ఎక్కడమే తరువాయి అని, దర్జాగా, జనం తోవ ఇస్తారని నిలబడ్డాడు.

జనం తోవ ఇవ్వలేదు. ఇవ్వాలని వాళ్లకు తోచనే లేదు. పొద్దెక్కుతోంది, ఆలుగడ్డ గుంపులు నిండుతున్నాయి. మోచేతులు, గంపలు, సంచులు ఆయన పక్క నుంచి ఎక్కిపోయాయి. బస్వరాజ్ రెండు సార్లు గంట కొట్టాడు. బస్సు పోయింది. పటేలు కింద, శెల్ల బస్సులో.

"శెల్ల పోయింది పటేలా," అన్నాడు సంగప్ప.

"దానికి అలవాటే," అన్నాడు పటేలు బుగ్గ పట్టుకుని. ఆయన జీవితంలో అన్న నిజమైన మాటల్లో అదొకటి.

ఇంటికి పోలేదు. పోయి భాగీరథికి ఏమని చెప్పాలి? చర్చి గోడ నీడన కూర్చున్నాడు. ఎండ జరిగితే తానూ జరిగాడు. వాడ ఆడవాళ్లు ఒక చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టారు. తాగాలా వద్దా అని చాలాసేపు చూసి, పన్ను పోటు మీద అంతా తాగేశాడు.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. అందులోంచి బాలమణి దిగింది. నెత్తిన ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి. గంపల కింద, గుండ్రంగా చుట్టి, సుట్టబట్టగా, ఎర్రంచు తెల్ల శెల్ల.

"ఏడికివోయినవు పటేలా, నీ సీటు నీకోసరమే సూస్తుండె," అంది ఆమె గంపలు దించి. సుట్టబట్ట విప్పి దులిపి ఇచ్చింది. దాని నిండా జామపండ్ల వాసన. "నేను ఎవ్వల్ని కూసోనియ్యలే. ఆఖరికి నేనే కూసున్న."

"మరి నెత్తిన పెట్టుకున్నవేంది?"

"పట్టుకొని నిలవడితే పండ్లెవరు అమ్ముతరు? ఇన్నేండ్లు ఊకె కూసొని వొయ్యొచ్చింది. ఇయ్యాల జర పని జేసింది."

పటేలు శెల్లను చూశాడు. భుజం మీద వేసుకోబోయి, ఆగి, వాచిన బుగ్గకు చుట్టుకున్నాడు. తల దించుకుని, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగాడు.

"పొద్దుగాల బస్సు ఎన్నింటికొస్తది?"

దాదాపు పదేళ్లు ఆ బస్సు ఎక్కినవాడు. దాని టైము ఎంతో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన పని పడలేదు.

"ఏడింటికి," అంది బాలమణి. ఈసారి ఎగతాళి లేదు. "నువ్వు జర ముందుగాలొచ్చి నిలవడు. శెల్ల ఎయ్యకు, నువ్వే ఎక్కు. ఎనకమెట్టు మీదికెల్లి ఎక్కితే అల్కగుంటది."

ఎక్కాడు. సీటు దొరకలేదు. జహీరాబాద్ దాకా రాడ్డు పట్టుకుని, ఒకడి సంచి కాలి మీద, ఒకామె మోచేయి పక్కలో, నిలబడి పోయాడు. పన్ను పీకించుకున్నాడు. నిలబడి వచ్చాడు.

ఇక్కడితో మనిషి మారాడని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. మనుషులు అంత సులువుగా మారితే ఈ దేశంలో ఎలక్షన్లు ఎందుకు? నెల తిరగకముందే పటేలు అరుగు మీద కొత్త సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టాడు. బస్సులో నిలబడి పోతే నడుముకు మంచిదని డాక్టరే చెప్పాడట. కూర్చుంటే రక్తం గడ్డ కడుతుందట. ఏ డాక్టరని అడిగితే పండ్ల డాక్టరన్నాడు. సైకిలు కూడా అంత చెడ్డదేం కాదట, మోకాళ్లకు పనికొస్తుందట.

ఆ తరువాత పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. కొలువు పోయినా కుర్చీ ఉంది కదా అని పటేలు సర్పంచుకు నిలబడ్డాడు. ఎవరి జీపూ రాలేదు, అందుకని నడిచే తిరిగాడు. ప్రచారానికి వాడలోకి వచ్చి, చర్చి ముందు, బస్సు తిరిగే జాగాలోనే నిలబడి మాట్లాడాడు. ఎర్రంచు శెల్ల ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. సంగప్ప పక్కన లేడు, జనంలో ఉన్నాడు.

"ఇగో, ఈ బస్సు ఒకప్పుడు నా ఇంటి ముందల ఆగేది," అన్నాడు పటేలు, చేయి చాపి. "నా ఇంటి ముందలికెల్లి తీసి మీ వాడకు తెచ్చింది ఎవరు? నేను. నా సుఖం జూస్కోలే. మీ కష్టం జూసిన. ఔనా కాదా, మీరే జెప్పున్రి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో గంప మీద కూర్చుని జామపండు కొరుకుతున్న బాలమణి నిదానంగా నమిలి మింగింది.

"ఔ పటేలా," అంది. "అడ్డం బండి వెట్టి మరీ తెచ్చినవు."